శ్రీ, కాళ, హస్తి: ఒక వ్రాతపని తెర డైరీ

మొదలుపెట్టే ముందు

వెదురు కలంతో గుడ్డ మీద బొమ్మలు వేసే కలంకారీని శ్రీకాళహస్తిలో పాతతరం వాళ్ళు నేటికీ ‘వ్రాతపని’ అనే అంటారు. నాకు ఆ మాటే ఇష్టం. పదిహేనేళ్ళపాటు నేను నీటిరంగులతో కొండలూ చెట్లూ వేశాను. తలకోన అడవిలో ఒక్కొక్క చెట్టు ముందు గంటల తరబడి కూర్చున్నాను. ఆ బొమ్మల్లో ఆకు ఉండేది, వెలుగు ఉండేది, కానీ ఆ చెట్టు కింద కూర్చున్నప్పుడు నాలో కలిగిన నమస్కారభావం కాగితం మీదికి వచ్చేది కాదు. వ్రాతపని నేర్చుకోవడానికి మా గురువుగారి దగ్గరికి వెళ్ళిన తరువాత దానికి కారణం కొంత అర్థమైంది. అంతవరకు నేను చెట్టును చూసి గొట్టంలోంచి రంగు తీసి పూసేదాన్ని. ఇక్కడ కరక్కాయ, ఎరుపునిచ్చే మంజిష్ఠ వేరు, పేడ, ఎండ, ఏటి నీరు అన్నీ తమ వంతు పని తాము చేస్తాయి, వాటి పని పూర్తయ్యేదాకా చిత్రకారుడు పక్కన నిలబడి కనిపెట్టుకుని ఉండాలి.

ఈసారి తీసుకున్న విషయం ఈ ఊరి పేరే. శ్రీ అంటే సాలెపురుగు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. ఈ మూడూ శివలింగాన్ని కొలిచి ముక్తి పొందాయన్నది స్థలపురాణం. తెర కొలత 90 అంగుళాల పొడవు, 44 అంగుళాల వెడల్పు. పుష్యమాసంలో మొదలుపెట్టి శివరాత్రికి ముగించాలని అనుకున్నాను. అలా జరగలేదు. ఎందుకు జరగలేదో రాసి పెట్టడానికే ఈ డైరీ.

1వ రోజు

కసిం కుండ పెట్టాను. నల్లరంగుకు మూలం ఇదే. తుప్పు పట్టిన మేకులు, లాడాలు, ఇనుప ముక్కలు కలిపి 1 కిలో, బెల్లం 250 గ్రాములు, తాటిబెల్లం 250 గ్రాములు, నీరు 5 లీటర్లు. అన్నీ మట్టికుండలో వేసి, మూతికి పలుచని గుడ్డ కట్టి, నీడన ఉంచాను. బెల్లం పులిసి ఆమ్లంగా మారుతుంది, ఆ ఆమ్లం ఇనుమును కొద్దికొద్దిగా తనలో కరిగించుకుంటుంది. దీనికి మూడు వారాలు పడుతుంది. రోజుకొకసారి కలపాలి, పైకి తేలిన నురుగు తీసివేయాలి.

6వ రోజు

కోరా గాడా గుడ్డను, అంటే చలువ చేయని ముతక నూలుగుడ్డను, రాత్రంతా నీళ్ళలో నానబెట్టి గంజి వదిలేదాకా ఉతికాను. తరువాత పేడ నీళ్ళలో ఒక రాత్రి ఉంచి, మళ్ళీ ఉతికి ఎండలో ఆరబెట్టాను. ఈ దశలో గంజి ఏమాత్రం మిగిలినా తరువాత రంగు అక్కడ మచ్చమచ్చగా పట్టుతుంది. గుడ్డ మీద నీటిబొట్టు వేసి చూశాను. బొట్టు నిలబడకుండా వెంటనే ఇంకిపోయింది కాబట్టి గుడ్డ సిద్ధమైనట్టే.

22వ రోజు

కసిం సిద్ధమైంది. కుండ మూత తీస్తే పుల్లని వాసన ముక్కుకు తగిలింది. నీరు టీ డికాక్షన్ రంగులో ఉంది. మొదటిసారి చూసేవారికి ఇది నల్లరంగు ఎలా అవుతుందన్న అనుమానం రావడం సహజం. దాని జవాబు గుడ్డలో ఉంటుంది.

కరక్కాయ పొడిని నీటిలో కలిపి వడకట్టి, అందులో పచ్చి గేదెపాలు పోసి, గుడ్డను ముంచి పావుగంట ఉంచాను. ప్రతి మడతకూ పాలు సమంగా అందేటట్టు చేతులతో నలుపుతూ ఉండాలి. ఆ తరువాత గట్టిగా పిండి ఎండలో పరిచాను. కరక్కాయలో ఉన్న వగరు పదార్థం, అంటే టానిన్, నూలుపోగును పట్టుకుంటుంది. కసింలోని ఇనుము వచ్చి దానిని తాకిన క్షణంలో నలుపు పుడుతుంది. పాలలోని కొవ్వు గీతకు గట్టు కట్టి అది పక్కకు పాకకుండా ఆపుతుంది. పాలు తక్కువైతే గీత అంచు నూగుగా మారుతుంది. నా మొదటి సంవత్సరపు గుడ్డలన్నీ అలాంటివే. ఆవుపాలతో ప్రయత్నించినప్పుడు గీతకు ఈ బిగువు రాలేదు, అందుకని గేదెపాలే వాడుతున్నాను.

24వ రోజు

చింతపుల్లలు కాల్చి బొగ్గుకడ్డీలు చేసుకున్నాను. ఈ రోజంతా కూర్పుకే సరిపోయింది.

సంప్రదాయ తెరలలో మధ్యన పెద్ద చిత్రం, చుట్టూ వరుసలుగా కథ, వరుసకూ వరుసకూ నడుమ తెలుగులో వివరణ ఉంటాయి. 19వ శతాబ్దంలో ఇక్కడ వేసిన ఒక రామాయణ తెర లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. దాని ఛాయాచిత్రాన్ని నేను చాలాసార్లు ముందు పెట్టుకుని చూశాను. వేలెడు జాగా కూడా ఖాళీగా వదలని కూర్పు అది. నేను అందుకు భిన్నంగా, ఒకే దృశ్యంగా వేయాలనుకున్నాను. మధ్యలో లింగం, దాని పైన సాలెగూడు, కుడివైపు పడగ విప్పిన పాము, ఎడమవైపు తొండంతో నీరు తెస్తున్న ఏనుగు, చుట్టూ మారేడు చెట్లు.

గోపురం వేయాలా వద్దా అన్న ప్రశ్న చాలాసేపు నన్ను వదలలేదు. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మే 26న కూలిపోయింది. ఇప్పుడున్నది దాని స్థానంలో కట్టి 2017లో ప్రారంభించినది. పాత గోపురాన్ని చూస్తూ పెరిగిన మా తరానికి దానిని గుడ్డ మీదనైనా నిలబెట్టాలన్న కోరిక ఉంటుంది. అయినా చివరికి మానుకున్నాను. సాలెపురుగు గూడు అల్లిన నాడు అక్కడ గుడి లేదు, గోపురం లేదు. రాయి, చెట్టు, గాలి మాత్రమే ఉన్నాయి. అల్లిన ఆ గూడే ఆ దేవుడికి మొదటి మండపం.

అసలు చిక్కు గాలి దగ్గర వచ్చింది. పంచభూత స్థలాలలో ఇది వాయుక్షేత్రం. గర్భగుడిలో గాలి చొరబడే దారి లేకున్నా ఒక దీపం రెపరెపలాడుతూనే ఉంటుంది. దర్శనానికి వెళ్ళినప్పుడల్లా నా చూపు లింగం కంటే ముందు ఆ దీపం మీదికే పోతుంది. ఆకారం లేని గాలిని వెదురు కలంతో ఎలా గీయడం? బొగ్గుతో సుడులు గీశాను. అవి మబ్బుల్లా వచ్చాయి. చెరిపేశాను. చివరికి గాలిని గీయకుండా, అది తాకిన వాటినే గీయాలని నిశ్చయించుకున్నాను. దీపశిఖ కొద్దిగా ఎడమకు వంగుతుంది, సాలెగూడు అదే దిక్కుకు ఉబ్బుతుంది, మారేడు ఆకులు కాడల దగ్గర తిరుగుతాయి.

25వ రోజు

తెల్లవారుజామున పెరటి వేపచెట్టు దగ్గర కూర్చుని సాలెపురుగు గూడు కట్టడం చూశాను. ముందుగా కొమ్మకూ కొమ్మకూ మధ్య ఒక్క దారం వంతెనలా వేసింది. దాని నడుమ నుంచి కిందికి జారి, మధ్య బిందువు నుంచి బండిచక్రపు ఆకుల్లా, అంటే చువ్వల్లా, దారాలు లాగింది. లెక్కపెడితే 27. ఆ తరువాతే చుట్టు మొదలైంది. ప్రతి దారం దగ్గరా కాలితో దూరం కొలుచుకుని, అతికించి, ముందుకు పోయింది. చుట్టు దారం రెండు ఆకుల మధ్య గుండ్రంగా ఉండదు, దాదాపు తిన్నగా పోయి ప్రతి ఆకు దగ్గరా చిన్న మలుపు తిరుగుతుంది. ఇన్నేళ్ళుగా నేను సాలెగూడును వలయాలుగా గీస్తూ వచ్చాను. ఈ ఒక్క ఉదయం ఆ తప్పును సరిదిద్దింది.

27 నుంచి 33వ రోజు వరకు

కసింతో నల్లగీత పని. కలమంటే సన్నని వెదురుపుల్ల. చివర చెక్కి, ములుకుకు కొంచెం పైన ఉన్ని గుడ్డ చుట్టి దారంతో బిగించాలి. ఉన్ని కసింను తాగి ఉంచుకుంటుంది. వేళ్ళతో ఎంత నొక్కితే అంత చుక్క ములుకులోకి దిగుతుంది. గీత లావూ సన్నమూ చేతి వత్తిడిలోనే ఉంటాయి.

కలం తాకిన చోట గీత మొదట లేత గోధుమరంగులో కనిపించి, చూస్తూ ఉండగానే బూడిదరంగై, ఆ వెంటనే కాటుకలా నల్లబడుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

ఏనుగు రెండు రోజుల్లో వచ్చింది. పాము ఒక రోజు. సాలెగూడుకు నాలుగు రోజులు పట్టింది. సన్నగీత కోసం ఉన్ని తక్కువ చుట్టిన కలం వాడాను కాబట్టి ఒక్క ముంపుకు నాలుగైదు అంగుళాలకు మించి గీత సాగదు. దారం దారాన్ని దాటే ప్రతిచోటా కసిం ఒక క్షణం ఆగి చుక్కగా దిగుతుంది. 27 ఆకు దారాలు, 19 చుట్లు, అంటే 513 చోట్ల ఆ ప్రమాదం ఉంది. రెండవ రోజున చుక్కలు ఎక్కువై గూడంతా ముడులు పడినట్టు కనిపించింది. అదే సమయంలో గురువుగారు వచ్చి నా వెనుక కాసేపు నిలబడ్డారు.

“ఊపిరి బిగబట్టబాకమ్మా. నువ్వు బిగిస్తే గీత కూడా బిగుసుకుంటాది,” అన్నారు.

అప్పటిదాకా గీత గీసేటప్పుడు ఊపిరి ఆపుతున్నానన్న సంగతి నాకే తెలియదు. మరునాటి నుంచి ఊపిరి వదులుతూ గీత లాగి, ఊపిరి తీసుకునేటప్పుడు కలం ముంచడం అలవాటు చేసుకున్నాను. చుక్కలు తగ్గాయి. ముందు పడిన వాటిలో పెద్దవాటిని నిమ్మరసం అద్ది తేలిక చేశాను, పులుపు తగిలితే ఆ నలుపు విడిపోతుంది. చిన్నవాటిని మంచుబిందువులు అనుకుని వదిలేశాను. తెల్లవారుజామున చూసిన గూటిలో అవీ ఉన్నాయి.

36వ రోజు

మంజిష్ఠ ఎరుపు గుడ్డకు పట్టాలంటే ముందు పటిక పూయాలి. లీటరు నీటికి 100 గ్రాముల చొప్పున పటిక కరిగించి, ఎరుపు రావలసిన చోట్లన్నీ పూశాను. ఏనుగు మీది గుడ్డ, పాము తెచ్చిన మణులు, అంచు, నేలభాగం. పటిక నీటికి రంగు ఉండదు, ఎక్కడ పూశామో కనబడదు కాబట్టి అందులో కొద్దిగా మంజిష్ఠ కషాయం కలుపుకోవాలి. మారేడు మానులకు పటికలో కొన్ని చుక్కల కసిం కలిపాను. అలా కలిపితే ఎరుపుకు బదులు కావిరంగు వస్తుంది. ఒకే వేరు, ఒకే కాగు. ముందుగా పూసినదాన్ని బట్టి ఎరుపు, గోధుమ, కావి రంగులు వేరువేరుగా తేలుతాయి.

పటిక గుడ్డకు పట్టడానికి కనీసం ఒక పూర్తి రోజు వదిలేయాలి. నేను రెండు రోజులు వదిలాను.

38వ రోజు

ఈ రోజు తప్పు జరిగింది, అది నాదే.

పటిక పూసిన గుడ్డను పారే నీటిలో ఉతకాలి. పోగుకు పట్టని అదనపు పటిక నీటితో కొట్టుకుపోతేనే ఎరుపు తన హద్దులో ఉంటుంది. ఈ ఊరిలో వ్రాతపని వేళ్ళూనుకోవడానికి గుడి ఎంత కారణమో స్వర్ణముఖి కూడా అంత కారణం. కానీ స్వర్ణముఖి ఏడాది పొడుగునా పారే నది కాదు. కార్తీకంలో వానలకు నిండిన నీరు మాఘం నాటికి గుంటల్లో మిగిలింది. శివరాత్రి దగ్గరపడుతోందన్న తొందరలో నేను ఇంటి సిమెంటు తొట్టిలోనే ఉతికాను. మూడుసార్లు నీళ్ళు మార్చాను, సరిపోతుందనుకున్నాను.

39వ రోజు

రాగి కాగులో మంజిష్ఠ వేరుపొడి వేసి కాచాను. ఇనుప పాత్ర పనికిరాదు, అది తన నలుపును గుడ్డకు అంటిస్తుంది. పూర్వం తీరప్రాంతపు ఇసుక నేలల్లో పెరిగే చిరివేరును దీనికి వాడేవారు. కోరమండల్ గుడ్డల ఎరుపుకు సముద్రాల అవతల పేరు తెచ్చింది ఆ వేరే. 1869 నాటికి జర్మనీలో ఆ ఎరుపులోని అలిజరిన్ అనే పదార్థాన్ని ప్రయోగశాలలో తయారుచేయగలిగారు, అక్కడి నుంచి వేరు తవ్వేవారి పని క్రమంగా తగ్గింది.

గంటన్నరపాటు కర్రతో గుడ్డను కదుపుతూ నీటిలోనే మునిగి ఉండేలా చూశాను. తీసి చూస్తే ఎరుపు బాగా వచ్చింది, మణులు నిప్పుకణికల్లా ఉన్నాయి. కానీ ఏనుగు తొండం పక్క నుంచి లింగం పీఠం దాకా జానెడు మేర గులాబీ నీడ పాకింది. తొట్టి నీటిలో కదలిక లేనందువల్ల వదిలిన పటిక అక్కడే తేరుకుని, ఖాళీగా ఉండవలసిన చోట కూర్చుంది.

గురువుగారు గుడ్డను వెలుగుకు పట్టి చూశారు. “నిలవ నీళ్ళలో పటిక ఎక్కడికి పోతాదమ్మా? పక్కనే కూర్చుంటాది,” అని మాత్రం అన్నారు. కోప్పడి ఉంటే తేలికగా ఉండేది.

40 నుంచి 47వ రోజు వరకు

చలువ. రాత్రి పేడ నీళ్ళలో నానబెట్టి, పొద్దున ఉతికి, ఏటి ఇసుక మీద పరిచి, ఆరబోతుండగానే నీళ్ళు చల్లుతూ ఎండబెట్టడం. పటిక లేని చోట పట్టిన పలుచని రంగు, కరక్కాయ పసుపూ కలిసి రోజురోజుకూ విడిచిపోయి ఖాళీ గుడ్డ తెల్లబడుతుంది. వ్రాతపనిలో తెలుపు పూసే రంగు కాదు. పేడా, ఎండా, నీరూ కలిసి తిరిగి ఇచ్చిన గుడ్డే తెలుపు.

మూడు విడతలు చేశాను. మిగిలిన ఖాళీ చోటంతా తెల్లబడింది, ఆ జానెడు నీడ పలచబడింది గాని పోలేదు. పటిక పట్టిన ఎరుపు అంత తేలికగా పోదు. అందుకే ఈ పని వందల ఏళ్ళు నిలుస్తుంది. శివరాత్రి ఈ మధ్యలోనే వచ్చి వెళ్ళింది. ఆ రాత్రి గుడిలో దీపాన్ని చూస్తూ నిలబడ్డాను. గుడ్డ పూర్తి కాలేదన్న బాధ ఉంది. దానికంటే, ఏరు పారని రోజున పని ఆపి కూర్చోలేకపోయాననే బాధ ఎక్కువగా ఉంది.

48వ రోజు నుంచి

ఆ నీడ మీద ఆకులు గీసి కప్పివేయవచ్చునని ఒకరు, చూసేవారికి అది అందంగానే ఉంటుందని మరొకరు సలహా ఇచ్చారు. నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. లింగం చుట్టూ ఉండే ఆ తెలుపే నేను గాలికి విడిచిన చోటు. అక్కడ మరకను ఆకులతో కప్పితే ఏమి దాచానో నాకు తెలుస్తూనే ఉంటుంది. ఈ గుడ్డను అభ్యాసపు గుడ్డగా పక్కన పెట్టి, రెండవ గుడ్డ మొదలుపెట్టాను. కసిం ఉంది, చేయి కుదిరింది, కూర్పు సిద్ధంగా ఉంది. నల్లగీత ఈసారి ఐదు రోజుల్లో ముగిసింది. సాలెగూడుకు రెండు రోజులే పట్టింది.

66వ రోజు

ఊరికి నాలుగు మైళ్ళ దూరంలో ఒక రైతు వరిమడికి బోరునీళ్ళు పెట్టే రోజున, ఆయన అనుమతితో కాలువలో గుడ్డ ఉతుక్కున్నాను. పటిక నీరు పొలానికి మంచిది కాదేమోనన్న జంకుతో ముందే అడిగాను. ఆయన మడికి పోయే నీటిని కాసేపు పక్కనున్న బీడులోకి మళ్ళించారు. మోకాలి లోతు కూడా లేని కాలువ, అయినా నీరు పారుతోంది. గుడ్డను రెండు చేతులా పట్టుకుని నీటికి ఎదురుగా చాచితే, పూసిన చోట్ల నుంచి సన్నని పాలనురుగు లాంటి తెర లేచి కిందికి కొట్టుకుపోవడం కంటికి కనిపించింది. మొదటి గుడ్డ ఉతికిన తొట్టిలో ఆ తెరకు పోయే దారి లేదు. ముప్పావుగంట అలాగే నిలబడ్డాను.

మరునాడు కాచినప్పుడు ఎరుపు గీత దాటలేదు.

74వ రోజు

చలువ ముగిశాక మళ్ళీ పాలలో ముంచి ఆరబెట్టి, పసుపు వేశాను. పసుపు రంగుకు కరక్కాయ పువ్వు కాచి పటిక కలుపుతాము. పువ్వు అంటారు గాని అది పువ్వు కాదు. కరక్కాయ చెట్టు ఆకు మీద ఒక చిన్న పురుగు గుడ్డు పెడితే, ఆకు దాని చుట్టూ గుల్లలా ఉబ్బుతుంది. ఆ ఎండుగుల్లలే ఇవి. ఒకదాన్ని విరిచి చూస్తే లోపల డొల్ల, పురుగు బయటికి పోయిన సూదిరంధ్రం కనిపించాయి. సాలెపురుగును కొలిచే గుడ్డకు రంగు ఇంకొక పురుగు ఇల్లు ఇస్తోందన్న మాట. ఆ గుల్లను కాచకుండా నా కలాల డబ్బాలో దాచుకున్నాను.

దీపశిఖకు, మారేడు ఆకులకు, ఏనుగు గంటకు పసుపు వేశాను.

79వ రోజు

చివరి రంగు నీలం. నీలిమందు మామూలు నీటిలో కరగదు. తగిరిస అనే మొక్క గింజల కషాయం, సున్నం కలిపి పులియబెట్టిన తొట్టిలో మాత్రమే కరుగుతుంది, అప్పుడది ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో ఉంటుంది. దానికి గాలి తగలకూడదు. అందుచేత తొట్టి నుంచి చిన్న గిన్నెలోకి నాలుగు చెంచాలు మాత్రమే తీసుకుని, అది మారేలోగా కలంతో పూసి, మళ్ళీ తీసుకోవాలి. ముందుగా మారేడు ఆకుల పసుపు మీద పూశాను. అవి ఆకుపచ్చగా తేలాయి.

తరువాత పాము పడగ. పడగ విప్పిన మేర చేతి వెడల్పు ఉంటుంది. కింది పొలుసుల నుంచి పైకి పూసుకుంటూ పోయాను. పూసినప్పుడు పడగంతా పసరు రంగులో ఉంది. గురువుగారు పక్క గది కిటికీ తెరిచారు. గాలి వచ్చింది. ముందు పూసిన కింది పొలుసులు ముందుగా, ఆపైన ఒక్కొక్క వరుసా, నేను పూసిన క్రమంలోనే నీలంగా మారుతూ పైకి వచ్చాయి. నేను కలం కింద పెట్టి చూస్తూ ఉండిపోయాను. గురువుగారూ ఏమీ మాట్లాడలేదు.

ఇక చివరి ఉతుకు ఒక్కటే మిగిలింది. రైతు ఎల్లుండి మళ్ళీ మడికి నీళ్ళు పెడతానన్నారు.